ఎవా నెమలి, నా నెమలి

కాన్‌బెర్రా వెళ్లేదాకా ఎవా మీద నాకున్నది మామూలు కుళ్లే. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు ఆడపిల్లల మధ్య పొద్దున బాత్రూమ్ తలుపు దగ్గర మొదలై, రాత్రి అన్నాల దగ్గర చేప తలకాయతో ముగిసిపోయే రకం. ఆ డిసెంబర్‌లో అక్కడి గోడ ముందు నిలబడ్డాక మాత్రం అది నా కడుపులో కాపురం పెట్టింది. డిసెంబర్‌లోనే మొదలయ్యే ఇక్కడి వేసవి అయిపోయేదాకా ఖాళీ చెయ్యలేదు.

ఎవా మా మేనత్త కూతురు. మెల్‌బోర్న్‌లోనే పుట్టింది. వరసకి నన్ను వదినా అనాలి, "డీ" అంటుంది. డయానా అన్న నిండు పేరుని అంత పొట్టిగా కోసి పారేసే హక్కు దానికి ఎవరిచ్చారో నాకు తెలియదు. నేను గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో అమృతం అత్త వాళ్లింట్లో దిగాను. పాతకాలపు కళాఖండాలు పాడవకుండా కాపాడే చదువు నాది. ఎవాది డిగ్రీ ఆఖరి సంవత్సరం. వేసవి సెలవుల్లో ఏ సబ్జెక్టు తీసుకోవాలో దానికి తోచలేదు. నేను తీసుకున్నానని వచ్చి నా క్లాసులోనే చేరింది. తొలినాటి క్రైస్తవులు చర్చిల్లో పరిచిన మొజాయిక్ బొమ్మల గురించి ఆ క్లాసు. సంగతి విని ఎవా వాళ్ల నాన్న, బాలశౌరి మావయ్య, "మొజాయిక్కి చదువేందమ్మా? తెనాల్లో మా ఇంటి గచ్చంతా మొజాయికే!" అని నవ్వాడు.

మా టీచర్ బ్రాన్విన్ డిసెంబర్ మొదట్లో మమ్మల్నందర్నీ బస్సెక్కించి కాన్‌బెర్రా తీసుకెళ్లింది. ఎంత పెద్ద ప్రొఫెసరైనా ఇక్కడ పేరు పెట్టే పిలవాలి. నాకు మొదట్లో నోరు రాలేదు. ఎవాకి ఆ ఇబ్బంది ఎప్పుడూ లేదు.

యుద్ధ స్మారక భవనంలో గోడకి నిలబెట్టి ఉంది మేం చూడవలసిన మొజాయిక్. గాజా దగ్గర షెల్లాల్ అనే చోట ఆరో శతాబ్దంలో కట్టిన చర్చి నేల అది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడ పోరాడుతున్న ఆస్ట్రేలియా సైనికుల కంటబడితే, ముక్కలుగా పైకి లేపి, పెట్టెలకెత్తి, ఓడలో ఇంత దూరం తీసుకొచ్చారు. కూజాలోంచి పుట్టిన ద్రాక్షతీగ మెలికలు తిరుగుతూ పైకి పాకింది. మెలికల మధ్య జంతువులు, పక్షులు. కింద కూజాకి అటొకటి ఇటొకటి నెమళ్లు. అన్నీ గోరంత రాతిముక్కలు పేర్చి చేసినవే.

"ఏం కనిపిస్తోంది మీకు?" అని అడిగింది బ్రాన్విన్.

నేను ముందే అంతా చదువుకుని వచ్చాను. ద్రాక్షతీగ అంటే క్రీస్తని, నెమలి అంటే ఆనాటి క్రైస్తవులకు చావులేని బతుకని, అక్కడక్కడా బొమ్మ లేకపోవడానికి ఆ చర్చి ఉన్న గుట్ట మీద యుద్ధంలో తవ్విన కందకాలు కారణమని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. బ్రాన్విన్ "గుడ్" అని తలూపి ఎవా వైపు తిరిగింది. ఎవా మెడ పక్కకు వంచి, చూయింగ్ గమ్ ఆ బుగ్గలోంచి ఈ బుగ్గలోకి మార్చుకుని, "ఇట్ లుక్స్ లోన్లీ అప్ దేర్. ఇట్ మిసెస్ ఫీట్" అంది. నేల మీద ఉండాల్సింది గోడెక్కి ఒంటరిదైపోయిందట. మనుషుల పాదాల మీద బెంగపెట్టుకుందట.

బ్రాన్విన్ పెన్ను తీసి ఆ మాట రాసుకుంది. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క రాసుకోలేదు.

తిరిగి బస్సెక్కే ముందు ఆవిడ అసలు సంగతి చెప్పింది. జోర్డాన్‌లో ఒక పాడుబడ్డ పాత చర్చి నేలని బాగుచేసే బృందంతో తను ఏప్రిల్‌లో వెళుతోంది. మా క్లాసులోంచి ఒక్కరిని తీసుకెళుతుంది. ఒక్కరినే. నేను ఈ దేశం వచ్చిందే ఎప్పటికైనా అలాంటి నేల మీద మోకాళ్లూని పనిచెయ్యాలని. ఇంటర్లో ఉన్నప్పుడు ఒక క్యాలెండర్‌లో అలాంటి బొమ్మ చూసి, అది రంగు కాదు రాయి అని మా చర్చి ఫాదర్ చెప్పినప్పటి నుంచీ నాకు ఇదే ధ్యాస. వెంటనే పేరిచ్చాను. నా వెనకాలే ఎవా కూడా ఇచ్చింది.

"నీకెందుకే జోర్డాన్?" అన్నాను బస్సులో.

"సౌండ్స్ ఫన్," అంది. అని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నా భుజం మీదే తలవాల్చి నిద్రపోయింది. మెల్‌బోర్న్ దాకా నాకు కంటి మీద కునుకు లేదు.

మావయ్య ట్రుగనీనాలో ఒక టైల్స్ గోడౌన్‌లో సూపర్‌వైజరు. ఇంటికొస్తే మా తెలుగు కథోలికుల సంఘానికి సెక్రటరీ. ఫిబ్రవరిలో లూర్దుమాత పండుగ. బెజవాడ గుణదల కొండకి వెళ్లలేని వాళ్లంతా ఆ రోజు మా పేట చర్చి వెనక పచ్చికలో చేరతారు. గుణదలకి వచ్చినట్టే హిందువులూ వస్తారు. మేం కాన్‌బెర్రా కబుర్లు చెబుతుంటే మావయ్యకి హుషారు పుట్టింది.

"మొజాయిక్ చదివేవాళ్లు ఇంట్లో ఇద్దరుండంగా ఈసారి కూడా ప్లాస్టిక్ పూలేనా? మాత ముందర ఆ నెమళ్ల బొమ్మ పరవండమ్మా. గోడౌన్లో పగిలిన టైల్స్ గుట్టలున్నయ్, రోజూ డిక్కీలో ఏసుకొస్తా."

"డాడ్, ఐ హావ్ ఎ లైఫ్," అంది ఎవా.

"ఉందిలేవే లైఫు. గరాజ్‌లో కూర్చుని బతుకుదువుగాని."

నేను ఈ సంగతి బ్రాన్విన్ చెవిన వేశాను. నేనొక్కదాన్నే చేసి మార్కు కొట్టేయొచ్చని నా లెక్క. ఆవిడ తెగ సంబరపడిపోయి, "మొజాయిక్ గురించి చదివినవాళ్లు చాలామంది దొరుకుతారు, చేసినవాళ్లు దొరకరు. అయ్యాక వచ్చి చూస్తాను. అది చూశాకే జోర్డాన్‌కి ఎవరో చెబుతాను" అంది. ఎవా ఎదురుగానే అంది. ఎవాకి అప్పటికప్పుడు లైఫులో ఖాళీ దొరికింది.

కూజా ఇద్దరిదీ. కుడివైపు నెమలి నాది, ఎడమవైపుది ఎవాది. కార్లు రెండూ వీధిలో పెట్టేసి గరాజ్ మాకు వదిలేశాడు మావయ్య. ఈ పని చేసే తీరు చెప్పాలి. టైల్‌ని కట్టర్‌తో గోరంత ముక్కలుగా కొరుక్కుని, రంగు వైపు కిందకి పెట్టి, బొమ్మని కుడిఎడమలు తిరగేసి గీసిన మందపాటి కాగితం మీద అంటించాలి. మొత్తం అంటించాక వెనకవైపు సిమెంటు పోసి, ఆరాక తిరగేసి, కాగితాన్ని తడిపి ఊడదీయాలి. చేస్తున్నంతసేపూ మనకి కనిపించేది మట్టిరంగు వీపులే. బొమ్మ ముఖం చేసేవాళ్లకి కూడా ఆఖరి రోజే కనిపిస్తుంది. కాగితం ఊడి రావాలి కాబట్టి జిగురు నీళ్లకి కరిగేదై ఉండాలి. మావయ్య ఫెవికాల్ డబ్బా పట్టుకొచ్చాడు. నేను వద్దన్నాను.

"సినిమా పోస్టర్లకి వాడేది ఏంది? మైదాయే గదా. నేను ఉడకేస్తా ఉండండి," అంది అత్త.

రోజూ గిన్నెడు మైదా జిగురు ఉడికించుకొచ్చి, నా పక్కన పీట వేసుకుని కూర్చునేది. ముక్కలు రంగు రంగుకీ వేరుచేసి అందిస్తూ, ఫిరంగిపురం తిరునాళ్ల దగ్గర్నుంచి మా నాన్న చిన్నప్పటి దొంగతనాల దాకా చెప్పుకొచ్చేది. ఎవా అవతలి పక్కన నేల మీద చాప వేసుకుని, చెవుల్లో పాటలు పెట్టుకుని, తన పని తను చేసుకునేది.

పని అనడానికి కూడా నాకు మనసొప్పేది కాదు. నేను గీసుకున్న గీత దాటకుండా, ప్రతి ముక్కా ఒకే కొలతకి కొరికి, వరస పక్కన వరస పేర్చేదాన్ని. ఎవా చేతికి ఏది దొరికితే అది కొరికేది. మెడ దగ్గర సన్నవి, తోక దగ్గర పెద్దవి, కొన్ని ఐమూలగా, కొన్ని అడ్డంగా. ఒకరోజు వంగి చూస్తే నెమలి కన్ను చుట్టూ రెండో వరస తెల్ల ముక్కలు బోర్లిస్తోంది.

"అసలు బొమ్మలో కన్ను అంత పెద్దది లేదు," అన్నాను.

"ఐ నో," అంది. అంతే.

తప్పు చేస్తోందని లోపల్లోపల ఎగిరి గంతేశాను. చెయ్యనీ, బ్రాన్విన్ వచ్చి చూడనీ అనుకున్నాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఎండకి గరాజ్ రేకు తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఫ్యాను వేస్తే కాగితం లేచి ముక్కలు చెదురుతాయని వేసుకోలేదు. అత్త తడిగుడ్డ నెత్తిన వేసుకుని మా నాయనమ్మ కథ ఎత్తుకుంది. తిరునాళ్లలో రథం వెనక నడుస్తూ నాయనమ్మ నిలబడే నిద్రపోయిందట. చేతిలో కొవ్వొత్తి ముందున్న, ఊళ్లో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి గారి కండువాకి అంటుకుందట.

"ఆయనేమో మంట చూసుకోకుండా 'ప్రభువా, నన్ను వెలిగించు' అని పాడతన్నాడు. ఎనకాల జనం 'ఎలిగించింది, ఎలిగించింది, ఇంక ఆర్పుకో' అని అరుపులు!"

అత్తా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఎవా ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది.

"వాట్స్ ఉపదేశి?"

"నీకు చెప్పినా అర్థం కాదులేవే," అంది అత్త కళ్లు తుడుచుకుంటూ.

"ట్రై మీ."

కానీ అత్త అప్పటికే కాలిన కండువా తర్వాత ఏమైందో నాకు చెబుతోంది. ఎవా కాసేపు మా ఇద్దరి ముఖాలూ చూసింది. కట్టర్ చాప మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మళ్లీ రాలేదు.

నాకు హాయిగా ఉంది. ఉన్నమాటే చెబుతున్నాను. ఎవాకి ఈ దేశం ఉంది, ఇల్లు ఉంది, పాస్‌పోర్టు ఉంది, నోరు తెరిస్తే బ్రాన్విన్ రాసుకునేంత ఇంగ్లీషు ఉంది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి అత్తతో మాట్లాడే తెలుగొక్కటే. అందులో దానికి వాటా ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

సిమెంటు పోసి ఆరబెట్టాక, బోర్లా ఉన్న పలకని తిరగేసే రోజు వచ్చింది. మావయ్యకి తోడు పక్కింటి ద్వారకానాథ్ గారు వచ్చారు. ఐటీలో మేనేజరు. ఏ పని చెప్పినా ముందు ఫోన్లో వీడియో తీసుకునే మనిషి. బ్రాన్విన్ కూడా పొద్దున్నే పెద్ద టోపీతో దిగింది. అందరం పట్టి పలకని తిప్పాం. నేను స్పాంజితో కాగితం తడిపాను. ఎవా తన వైపు, నేను నా వైపు అంచులు పట్టుకుని లాగాం. మైదా జిగురు మెత్తబడి కాగితం వచ్చేసింది.

నా నెమలి అచ్చం కాన్‌బెర్రాలో ఉన్నట్టే ఉంది. ఒక్క వరస చెదరలేదు, ఒక్క ముక్క ఎక్కువతక్కువ లేదు. దాన్ని చూసి నేను ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఎడమవైపు చూశాను.

ఎవా నెమలి నన్ను చూస్తోంది. ఐమూలగా పెట్టిన ముక్కలన్నీ మెడ మీద ఈకలై నిక్కబొడుచుకున్నాయి. కన్ను అంత పెద్దదిగా ఉండబట్టే దానికి కోపం వచ్చినట్టుంది. ఇంకొక్క అడుగు ముందుకేస్తే పొడిచేలా ఉంది.

"ఓసి దీని దుంప తెగ, బతికే ఉందే!" అన్నాడు మావయ్య.

బ్రాన్విన్ నా నెమలి ముందు కూర్చుని వరసలన్నీ వేలితో తడిమి, "చాలా శుభ్రమైన పని, డయానా" అంది. ఆ తర్వాత ఎవా నెమలి దగ్గరికి జరిగి ఏమీ అనలేదు. ఏమీ అనకుండా అక్కడే ఉండిపోయింది. నన్ను మెచ్చుకున్న మాట ఆ నిశ్శబ్దం ముందు వెలవెలబోయింది. నేను లోపలికి వెళ్లి సింకులో చేతులు కడుక్కుంటూ ఏడ్చాను. గీత చూడకుండా, కొలత చూడకుండా, పాటలు వింటూ చేసింది అది! చదివింది నేను, ఈ పని కోసం సముద్రాలు దాటింది నేను, వేళ్లు కోసుకున్నది నేను. దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

"కన్ను తప్పే కదా?" అని బ్రాన్విన్‌ని కారు దాకా సాగనంపుతూ అడిగాను.

"తప్పే," అంది. "పండుగ రోజు వస్తాను. జనం దాన్ని ఎలా వాడతారో చూడాలని ఉంది నాకు."

పండుగ నాడు పచ్చిక మీద షామియానా వేసి, మాత స్వరూపాన్ని పూలతో ఎత్తుగా నిలబెట్టి, సరిగ్గా ముందు మా పలక పరిచారు. జనం వరసగా వచ్చి చెప్పులు విడిచి, వంగి, నెమళ్లని వేళ్లతో తాకి కళ్లకద్దుకుని పక్కకి తప్పుకుంటున్నారు. ఒక్కరు కూడా తొక్కలేదు. అందరికీ ముందు కంటబడుతున్నది ఎడమవైపు నెమలే. పిల్లలు దానికి భయపడి మళ్లీ మళ్లీ చూస్తున్నారు. బ్రాన్విన్ ఒక మూల కుర్చీలో కూర్చుని గమనిస్తోంది.

జపమాల చెప్పించే వంతు నాది. మైకు పట్టుకుని మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. మా ఇళ్లలో పాలు పొంగిపోతున్నా జపమాల ఆపరు. నేను సగం చెబితే జనం సగం అందుకుంటున్నారు. అప్పుడు వచ్చింది ద్వారకానాథ్ గారి అమ్మ శారదాంబ గారు. బెజవాడ మనిషి. ఏటా గుణదల కొండెక్కి కొబ్బరికాయ కొట్టే మొక్కుంది. ఈ ఏడు కొడుకు దగ్గర ఉండిపోవాల్సి వచ్చిందని కాయ పట్టుకుని ఇక్కడికే వచ్చింది. చుట్టూ చూసింది. పచ్చిక తప్ప ఇంకేం లేదు. మాత ముందర మా పలక కనిపించింది.

"కాయ కొట్టుకోవడానికి ఎంత చక్కటి బండ వేయించారమ్మా! ఎవరో పుణ్యాత్ములు," అంది.

కాయ కళ్లకద్దుకుని, కుడిచేత్తో ఎత్తి నా నెమలి మెడ మీద కొట్టింది.

నీలం ముక్కలు ఎగిరి నా పాదాల దగ్గర పడ్డాయి. నా నోరు మరియమ్మ పేరు చెబుతూనే ఉంది. ఆవిడ వెనకాల ఎప్పట్నుంచి చేరారో, గుణదల అలవాటున్న వాళ్లంతా సంచుల్లోంచి కాయలు తీస్తున్నారు. ముందు మనిషి ఎక్కడ కొడితే తర్వాతి మనిషి అక్కడే కొడతారు. రెండో కాయ, మూడో కాయ. కొబ్బరినీళ్లు నా నెమలి రెక్కల మీదుగా కారుతున్నాయి. మావయ్య కార్ల దగ్గర ఉన్నాడు. అత్త కళ్లు మూసుకుని జపం చేస్తోంది. నేను కళ్లతో అందరికీ సైగలు చేస్తున్నాను, నోటితో ప్రార్థన చెబుతున్నాను, జనం భక్తిగా బదులిస్తున్నారు.

ఎవా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఒక్క గెంతు గెంతి, లావుపాటి నల్లబూట్లతో, నా నెమలి మీద నిలబడింది. రెండు చేతులూ బార్లా చాపింది.

"స్టాప్! ఇట్స్ నాట్ ఎ బండ! ఇట్స్ ఎ ఫ్లోర్, యూ స్టాండ్ ఆన్ ఇట్! డీ మేడ్ దిస్! షి మేడ్ దిస్!"

బదులు చెప్పే జనం ఆగిపోయారు. అత్త కళ్లు తెరిచింది. ఆమెకి కొబ్బరికాయలు కనిపించలేదు, పగుళ్లు కనిపించలేదు. మాత ఎదురుగా, అందరూ కళ్లకద్దుకున్న బొమ్మ మీద బూట్లతో నిలబడిన కూతురు కనిపించింది.

"అయ్యో అయ్యో, బూట్లతోనా! మాత ముందర బూట్లతోనా!"

వచ్చి చెంప మీద కొట్టింది. ఆ చప్పుడు నా మైకులో కూడా వినిపించింది.

ఎవా ఏడవలేదు. వాళ్లమ్మని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను జపమాల చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎవా పలక దిగి, పచ్చిక దాటి, రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయింది. ఎవరూ వెంట వెళ్లలేదు. అత్త మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూ, బూటు మరకలు కొంగుతో తుడిచి కళ్లకద్దుకుంటోంది.

జపమాల పూర్తిచేశాను. చెయ్యక తప్పదు. మైకు పెట్టేసి పరిగెత్తుకెళ్లేసరికి బ్రాన్విన్ నా నెమలి పక్కన గొంతుక్కూర్చుని ఉంది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది.

నేను ఆలోచించలేదు. కొబ్బరినీళ్లలో చక్కెర ఉంటుంది, ఆరకముందే మంచినీళ్లతో కడగాలన్నాను. ఎగిరిన ముక్కలు ఏ వైపు పడ్డాయో ఆ వైపే విడిగా ఏరించాను. వదులైన చోట కదలకుండా కాగితం పరిచి, వంటవాళ్ల దగ్గర మైదా తీసుకుని జిగురు కాయించి అంటించాను. చీకటి పడకముందే పలకని కదిలించడానికి సిద్ధం చేశాను. బ్రాన్విన్ ఒక్క ముక్క కూడా ముట్టుకోకుండా చూస్తూ కూర్చుంది.

ఆంటీలందరూ నన్ను మెచ్చుకున్నారు. "చేసిన బొమ్మ కళ్ల ముందర పగులుతున్నా జపమాల ఆపలేదు, ఎంత భక్తో ఈ పిల్లకి" అన్నారు. నాకు ఆ పొగడ్త ఎక్కలేదు. నీళ్లలో నీలం ముక్కలేరుతూ నేను మండిపోతున్నది నెమలి పగిలినందుక్కాదు. నా నెమలి కోసం నేను చెయ్యవలసిన గొడవ ఎవా చేసింది. నా నెమలిని కాపాడింది కూడా అదే.

ఎవా ఆ రోజు ఇంటికి రాలేదు. బ్రన్స్‌విక్‌లో ఫ్రెండ్స్ గదిలో చేరిందని మావయ్యకి మెసేజ్ పెట్టింది. మేమెవరం లేనప్పుడు వచ్చి బట్టలు పట్టుకెళ్లింది. మావయ్య టీవీ ముందే అన్నం తినడం మొదలుపెట్టాడు. బాత్రూమ్ నాదైంది, చేప తలకాయ నాదైంది, అత్త కూడా పూర్తిగా నాదవుతుందనుకున్నాను. అత్త నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. కోపం కాదు. వండి పెట్టేది, తలకి నూనె రాసేది, కానీ కథలు చెప్పేది కాదు. నేనేదైనా ఎత్తుకుంటే "ఊఁ" అని కిటికీలోంచి వీధి చూసేది. మాట్లాడే పిల్ల ఎదురుగా ఉంటే మాట్లాడని పిల్ల మరీ గుర్తొచ్చేదేమో.

ఫిబ్రవరి ఆఖర్న బ్రాన్విన్ యూనివర్సిటీలో తన గదికి పిలిచింది.

"ఎవా చేతిలో ఉన్నది నేను నేర్పగలిగేది కాదు," అంది. ఇది చెప్పడానికేనా పిలిచింది అనుకున్నాను. "కానీ జోర్డాన్‌లో మనం కొత్త నెమలిని చెయ్యబోవడం లేదు. పగిలినదాన్ని పగిలినట్టే నిలబెట్టాలి. ఆ రోజు నువ్వు చేసిన పని అదే. నువ్వు వస్తున్నావు."

రైల్లో క్రెయిగీబర్న్ దాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ముసలాయన కూడా నన్ను చూసి నవ్వాడు. ఇంట్లోకి చెప్పులతోనే పరిగెత్తాను.

"అత్తా! జోర్డాన్‌కి నన్నే తీసుకున్నారు!"

అత్త పులుసులో గరిటె ఆపింది.

"మరి ఎవాకి?"

"ఒక్కరికే చోటు అత్తా."

"ఊఁ," అంది. కాసేపటికి నా తల మీద చెయ్యి వేసి, "మా అన్న వింటే పొంగిపోతాడు. ఫోన్ చెయ్యి ముందు" అంది. స్టవ్ కట్టేసి, తన ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది.

నాన్నకి చెప్పాను. నాన్న ఏడ్చేశాడు, నేనూ ఏడ్చాను. ఆ సంబరం అత్తకి చెబుదామని వెనక తలుపు దాకా వెళ్లి ఆగిపోయాను. అత్త బట్టల తీగ కింద బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి నోటి ముందు పట్టుకుని ఉంది. ఇంగ్లీషులో మాట్లాడుతోంది. పండుగ నాటి నుంచీ ఎవా ఫోన్ ఎత్తడం అదే మొదటిసారి.

"ఎవా... దిస్ ఈజ్ అమ్మ. ఐ... ఐ బీట్ యు. ఎవ్రీబడీ లుకింగ్, ఐ బీట్ యు. ఐ యామ్..."

ఆ తర్వాతి మాట రాలేదు. ఇన్నేళ్లు ఇక్కడ బతికిన మనిషికి ఆ మాట తెలియక కాదు. నా లోపల ఎవరో వద్దు, వద్దు అంటున్నారు. ఏది వద్దో నాకే తెలియదు.

తర్వాత ఎవా గొంతు వచ్చింది. ఒత్తులు తప్పుతూ, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ.

"అమ్మా. తెలుగులో చెప్పు. నాకు అర్తం అవుద్ది. ఎప్పుడూ అర్తం అవుద్ది."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "ఏం తింటన్నావే అక్కడ?" అంది. ఎవా ఏదో చెప్పింది. అత్త ఇంకేదో అడిగింది. ఎవా తప్పుల తెలుగులోనే మళ్లీ చెప్పింది. అత్త ఏడుస్తూనే నవ్వింది.

నేను తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాను. జోర్డాన్ నాకొచ్చిన రోజు అది. ఎవాని చూసి నేను అంతగా ఎన్నడూ కుళ్లుకోలేదు.